మా వీధి చివరి షెడ్డులో కోళ్లు వరసగా చస్తున్నాయి. చెప్పాలా, ఊరుకోవాలా?

వరిచేను_సుజాత
మాది తణుకు వైపు ఊరు. మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో గుడ్లు పెట్టే లేయర్ కోళ్ల షెడ్డు ఉంది, పదివేల కోళ్లుంటాయి. మూడు రోజుల నుంచి చస్తున్నాయి. మొదటి రోజు ఇరవై అన్నారు, నిన్న నూట యాభై పైనే. రాత్రి పదకొండింటికి కుక్కలు ఒకటే మొరుగుతుంటే డాబా ఎక్కి చూశాను. షెడ్డులో పనిచేసే కుర్రాడు మోపెడ్ మీద రెండు దాణా సంచులు వేసుకుని కాలువ గట్టు వైపు వెళ్లాడు. ఒక సంచి మూతి సరిగ్గా కట్టలేదు. వీధి లైటు కిందకి వచ్చేసరికి అందులోంచి కోడి కాలు వేలాడుతూ కనబడింది. పావుగంటలో ఖాళీ సంచులతో వెనక్కి వచ్చాడు. ఆ కాలువలోనే దిగువన గేదెల్ని కడుగుతారు.

షెడ్డు ఆయన నాకు వరసకి బాబాయి. పొద్దున అడిగితే "కొక్కెర తెగులమ్మా, చలికాలం వచ్చేదే, నువ్వు ఎవరితోనూ అనకు" అన్నారు. 2025 ఫిబ్రవరిలో మా పక్కన వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ అని తేలింది కదా, అప్పుడు కూడా చాలా కోళ్లు పోయాకే సంగతి బయటపడింది. మా అమ్మకి పదకొండు నాటుకోళ్లున్నాయి. మా పాపకి నాలుగేళ్లు, లేస్తూనే కోడిపిల్లల దగ్గరికి పరుగెడుతుంది. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. చెబితే బాబాయి కొంప మునుగుతుంది. చెప్పకపోతే ఊరి గతేంటి? మీరైతే ఏం చేస్తారు?

పల్నాడు_పిల్ల
ముందు పాపని కోళ్ల దగ్గరికి పోనివ్వకండి. మిగతావన్నీ తర్వాత.

నిజం_చెప్తా
చలికాలం వస్తే చాలు, టీవీ వాళ్లకి బర్డ్ ఫ్లూ. నాలుగు రోజులు చికెన్ రేటు పడిపోతుంది, ఎవడో లాభపడతాడు, మళ్లీ మామూలే. కోళ్లు చావడం కొత్తా? మా తాతల కాలం నుంచీ చస్తూనే ఉన్నాయి. అనవసరంగా బంధువుల మీద ఫిర్యాదు చేసి ఊళ్లో చెడ్డపేరు తెచ్చుకోకండి.

గుడ్డుబండి_అనపర్తి
నేను ఇరవై రెండేళ్లుగా లేయర్లు పెంచుతున్నాను, సుజాత గారూ. మీ బాబాయి మనసులో ఏముందో నాకు తెలుసు. పదివేల కోళ్ల షెడ్డులో రోజుకి రెండో మూడో పోవడం మామూలు, దానికి ఎవరూ కంగారు పడరు. ఇరవై నుంచి నూట యాభైకి వెళ్లిందంటే మామూలు కాదు. ఆయనకీ తెలుసు. కాకపోతే డాక్టరు వచ్చి శాంపిల్ తీసి, భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబు రిపోర్టు పాజిటివ్ వస్తే ఆయన షెడ్డే కాదు, చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నీ చంపి పూడుస్తారు. పది కిలోమీటర్ల వరకు నిఘా, గుడ్డు కదలదు, దాణా లారీ రాదు. పక్క షెడ్డు వాళ్లు జీవితాంతం ఈయన్నే తిట్టుకుంటారు. బ్యాంకులో అప్పుంటే ఇంకా నరకం. అందుకే రాత్రిపూట సంచులు కదులుతాయి.

కానీ ఆయన ఒక లెక్క మర్చిపోతున్నారు. ప్రభుత్వం ఇచ్చే పరిహారం బతికున్న కోళ్లని వాళ్లు వచ్చి చంపినప్పుడే. అప్పటికే చచ్చిన వాటికి ఒక్క రూపాయి రాదు. అంటే ఈ రోజు ఫోన్ చేస్తే తొమ్మిదివేల పైచిలుకు కోళ్లకి డబ్బు వస్తుంది. నాలుగు రోజులు దాచిపెడితే సగం షెడ్డు ఖాళీ అయిపోయి, మిగిలిన సగానికే వస్తుంది. దాచినకొద్దీ నష్టం ఆయనకే. ఈ మాట మీరు చెప్పండి, వింటారు.

వరిచేను_సుజాత
@గుడ్డుబండి_అనపర్తి ఈ సంగతి నాకు అసలు తెలియదండి. బాబాయికి కూడా తెలుసో లేదో.

గుడ్డుబండి_అనపర్తి
చాలామందికి తెలియదు. చచ్చిన వాటికీ కొంత ఇస్తే ఎవరూ దాచరని మేం ఎన్నోసార్లు అడిగాం. పరిహారం కూడా సగం కేంద్రం, సగం రాష్ట్రం ఇవ్వాలి, చేతికి అందేసరికి నెలలు పడుతుంది. రైతు మొదటి రోజే నోరు విప్పాలంటే డబ్బు మొదటి వారంలోనే రావాలి. వేరే దారి లేదు. ఈ మాట ఎన్నాళ్లయినా అంటూనే ఉంటాను.

సైన్స్‌మాస్టారు_ఖమ్మం
@నిజం_చెప్తా మీ తాతల కాలంలో చచ్చింది కొక్కెర తెగులుతో, అంటే రాణీఖెట్. అది మనుషుల ప్రాణం తీయదు. ఇది వేరు. 1997లో హాంగ్‌కాంగ్‌లో హెచ్5ఎన్1 అనే ఈ బర్డ్ ఫ్లూ మొదటిసారి మనుషులకి అంటింది. 18 మందికి వస్తే ఆరుగురు పోయారు. 2003 నుంచి ఇప్పటిదాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోకి ఎక్కిన కేసులు వెయ్యికి దగ్గరగా ఉన్నాయి, అందులో దాదాపు సగం మంది బతకలేదు. తేలికగా వచ్చి తగ్గిపోయినవి లెక్కలోకి రావు కాబట్టి అసలు శాతం అంతకంటే తక్కువే ఉంటుంది, నిజమే. అయినా తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు.

నిజం_చెప్తా
ఇరవై ఏళ్లకి పైగా ప్రపంచం మొత్తం మీద వెయ్యి మందే కదా మాస్టారూ. మన రోడ్ల మీద రోజూ ఎంతమంది పోతున్నారు?

సైన్స్‌మాస్టారు_ఖమ్మం
రోడ్డు ప్రమాదం పక్కవాడికి అంటుకోదు. ఈ వైరస్ ఇంతవరకు మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకడం నేర్చుకోలేదు, మనం బతికిపోతున్నది అందుకే. కోళ్లలో అది పట్టుకునే కొక్కెం లాంటిది మన ముక్కులో, గొంతులో తక్కువ, ఊపిరితిత్తుల లోపల ఎక్కువ. అందుకే తేలిగ్గా అంటదు, అంటితే మాత్రం నేరుగా న్యుమోనియా. ఆ తేడా చెరిగిపోయిన రోజు ఏమవుతుందో మనకి 1918 చూపించింది. ఆ ఫ్లూ బొంబాయి రేవులో దిగి రైళ్లెక్కి దేశమంతా తిరిగింది. ఒక్క మన దేశంలోనే కోటి మందికి పైగా పోయారు.

పల్నాడు_పిల్ల
వెయ్యి మందే అన్నవాళ్లకి చెబుతున్నాను. 2025 మార్చిలో మా జిల్లాలో రెండేళ్ల పాప పోయింది. కోడిని కోస్తుంటే పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందట. మంగళగిరి ఎయిమ్స్‌లో ఉంచారు, దక్కలేదు. పుణే ల్యాబు హెచ్5ఎన్1 అని తేల్చింది. ఇంట్లో వాళ్లకి గానీ, చుట్టుపక్కల వాళ్లకి గానీ ఎవరికీ రాలేదు, అదొక్కటే అదృష్టం. అంతకుముందు 2021లో హర్యానా పిల్లాడు ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయాడు, వాడికి పదకొండేళ్లు. మా ఇంట్లో కూడా కూర చేస్తుంటే పిల్లలు పక్కనే కూర్చుని "నాకు లివర్ ముక్క" అంటారు. ఆ వార్త విన్న దగ్గర్నుంచి నేను కోడి కోసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వను. లెక్కలు మీరు చూసుకోండి, నాకు ఆ పాప చాలు.

నిజం_చెప్తా
ఆ పాప విషయం నేను సరిగ్గా చదవలేదు. క్షమించండి.

పశువైద్యం_రిటైర్డ్
ముప్పై ఒక్క ఏళ్లు పశుసంవర్ధక శాఖలో పనిచేశాను. అమ్మా సుజాతా, కొక్కెర తెగులా, బర్డ్ ఫ్లూనా అన్నది కంటితో చూసి నేనే చెప్పలేను, మీ బాబాయి ఎలా చెబుతారు? మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ రెట్ట, రెక్కలు వేలాడేయడం ఉంటే కొక్కెర తెగులని అనుమానిస్తాం. తురాయి, గొంతు కింద తమ్మెలు ఉబ్బి నీలంగా మారడం, కాళ్ల మీద పొలుసుల కింద ఎర్రటి మచ్చలు, నిన్నటిదాకా మేసిన కోడి పొద్దున్నకి చచ్చి ఉండటం, గుడ్లు ఒక్కసారిగా పడిపోవడం, తోలుగుడ్లు రావడం ఉంటే బర్డ్ ఫ్లూ అనుమానం. కానీ రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. శాంపిల్ ఐసులో పెట్టి భోపాల్ వెళ్లాల్సిందే.

ఇంకో మాట. 2009లో పశువుల అంటువ్యాధుల చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని గానీ, కోళ్లని చూసుకునేవాళ్లు గానీ అనుమానం వస్తే ఊరి అధికారికో పంచాయతీకో చెప్పి తీరాలి. కాబట్టి నువ్వు చేస్తున్నది చాడీ కాదు. పశువుల హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చెయ్యి, లేదా రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకురాలికి చెప్పు. కాలువలో వేసిన కోళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పు. చల్లటి నీళ్లలో ఈ వైరస్ రోజుల తరబడి బతుకుతుంది. బాతులు ఆ నీళ్లు తాగితే పైకి జబ్బు కనబడకుండానే ఇంకో ఊరికి మోసుకుపోతాయి.

కొల్లేటి_గట్టు
బాతుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ప్రతిసారీ నెపం వలస పక్షుల మీద వేస్తారు. అవి తెస్తాయి, నేను కాదనను. 2020 చివర్లో హిమాచల్ పాంగ్ డ్యామ్ దగ్గర తల మీద నల్ల చారలుండే బాతులు వేలల్లో చచ్చిపోయాయి, అది ఈ జబ్బే. కానీ ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మోసేది పక్షులు కాదు. గుడ్ల ట్రేలు, దాణా సంచులు, లారీ టైర్లు, చెప్పులు, తక్కువ రేటుకి అమ్మేసే కోళ్లు. ఆటపాకలో పెలికాన్ల గూళ్ల మీద రాళ్లేసిన వాళ్లని నేను చూశాను. పక్షుల్ని తరిమితే అవి ఇంకో చెరువుకి పోతాయి, జబ్బు కూడా వాటితోనే పోతుంది.

గుడ్డుబండి_అనపర్తి
@కొల్లేటి_గట్టు ట్రేల మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా. అట్ట ట్రేలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, కొట్టు నుంచి మళ్లీ షెడ్డుకి తిరుగుతూనే ఉంటాయి. మా దగ్గర ప్లాస్టిక్ ట్రేలు పెట్టి కడిగి వాడుతున్నాం. షెడ్డు గుమ్మం దగ్గర సున్నం, ఇంటి చెప్పులు వేరు, షెడ్డు చెప్పులు వేరు. చూడటానికి చిన్న పనులే. చేసేవాళ్లు పదిమందిలో ముగ్గురు కూడా లేరు.

చికెన్‌కొట్టు_నిజాంపేట
నాది హైదరాబాద్‌లో చికెన్ షాపు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రా కోళ్ల లారీలను సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. ఆదివారం మా షాపు ముందు యాభై మంది నిలబడతరు, ఆ ఆదివారం ఏడుగురు వచ్చిన్రు. అసోసియేషన్ వాళ్లు చికెన్ మేళాలు పెట్టి ఫ్రీగా వండి పెట్టిన్రు, జనం ఎగబడి తిన్నరు. తెల్లారి షాపుకు మాత్రం రాలే.

ఆ టైమ్‌లోనే ఒకాయన రాత్రి ఫోన్ చేసి సగం రేటుకే కోళ్లు ఇస్తా అన్నడు. బండి తెచ్చిండు కూడా. పంజరంలో చెయ్యి పెడితే కోళ్లు తల ఎత్తడం లేదు, ఒళ్లు కాలిపోతోంది. వద్దని పంపించిన. ఇంకెవరో తీసుకునే ఉంటరు. అక్కా, మీ బాబాయి అట్ల అమ్మకుండా చూడండి. కోసేది మేమే, మా చేతులు, మా ముఖాలే ముందు దాని దగ్గర ఉండేది.

అత్తిలి_కోడలు
ఇంతకీ చికెన్ తినొచ్చా, మానేయాలా? మా ఇంట్లో గొడవ దీని మీదే. మామగారు సగం ఉడికిన గుడ్డు లేనిదే టిఫిన్ తినరు.

పశువైద్యం_రిటైర్డ్
బాగా ఉడికితే ఏ భయమూ లేదు. డెబ్బై డిగ్రీల వేడి ముక్క లోపలిదాకా వెళితే వైరస్ చస్తుంది. మన కూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. ప్రమాదం గిన్నెలో లేదు, కోసేటప్పుడు, కడిగేటప్పుడు ఉంది. కుళాయి కింద పెట్టి ధారగా కడిగితే తుంపర్లు ముఖం మీదకి వస్తాయి. కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయ తరగడం మానాలి. మామగారికి గుడ్డు పూర్తిగా ఉడకబెట్టి పెట్టమ్మా, మెల్లగా అలవాటు పడతారు. బాలింతలకి, జిమ్ కుర్రాళ్లకి పచ్చిగుడ్డు తాగించడం కూడా ఆపాలి.

డల్లాస్_మూర్తి
ఇక్కడ 2024 మార్చిలో టెక్సాస్, కాన్సస్ ఆవుల్లో ఈ వైరస్ దొరికింది. ఆవులకి వస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. పాడి పశువుల దగ్గర పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. దేశం మొత్తం మీద 70 మందికి పైగా వచ్చింది, ఎక్కువమంది డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లు. చాలామందికి కళ్లు ఎర్రబడటమే. లూసియానాలో మాత్రం 2025 జనవరిలో ఒకరు పోయారు, వాళ్ల పెరట్లో కోళ్లుండేవి. గుడ్లు డజను ఆరు డాలర్లు దాటాయి. మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లందరం గుడ్డు కూర మానేసి పప్పుచారు మీద పడ్డాం. మన ఇళ్లలో పాలు పొంగేదాకా కాచే అలవాటు ఎంత మంచిదో ఇక్కడ కూర్చుని తెలుసుకున్నాను.

కొల్లేటి_గట్టు
పిల్లులకే కాదు. 2024 చివర్లో నాగ్‌పూర్ గోరెవాడ జంతు సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనితోనే పోయాయి. మధ్యప్రదేశ్ ఛింద్వారాలో ఇంటి పిల్లుల్లోనూ దొరికింది.

భీమవరం_రాజు
మా దగ్గర సంక్రాంతికి పందెం పుంజులున్నాయి, డేగ, నెమలి, కాకి. బాదం పప్పు, ఖైమా పెట్టి పిల్లల్లా సాకుతాం. జబ్బు ఉంటే మాకే ముందు తెలుస్తుంది. ఊరికే కోళ్లన్నీ చంపేయాలనడం అన్యాయం. షెడ్డు కోడికీ, మా పుంజుకీ పోలికా?

నర్స్_రమణమ్మ
రాజు గారూ, పుంజు అలసిపోతే నోట్లో నీళ్లు పట్టి దాని ముఖం మీద ఊదుతారు మీరు. దాని గాయం మీద రక్తం చేత్తో తుడుస్తారు. ఒక బరిలో పది ఊళ్ల కోళ్లు, వాటి చుట్టూ వందల మంది. షెడ్డు కోడికైనా కంచె ఉంటుంది, మీ పుంజుకి మీ ముఖమే కంచె. కోపం తెచ్చుకోకండి, మా అన్నయ్య కూడా పుంజులు పెంచుతాడు, వాడికీ ఇదే చెబుతాను.

భీమవరం_రాజు
నీళ్లు ఊదడం మానేస్తాం చెల్లమ్మా, స్ప్రే సీసా కొంటాను. చంపడం మాత్రం నా వల్ల కాదు.

వరిచేను_సుజాత
ఇంకో సంగతి. రాత్రి సంచులు మోసిన కుర్రాడికి జ్వరం వచ్చిందట. ఇరవై ఏళ్లుంటాయి, ఒరిస్సా నుంచి వచ్చాడు, షెడ్డు పక్క గదిలోనే ఉంటాడు. దగ్గుతున్నాడు, ఒళ్లునొప్పులట. బాబాయి వాడికి డోలో మాత్రలు ఇచ్చి పడుకోబెట్టారు.

నర్స్_రమణమ్మ
సుజాతా, ఇంకేం ఆలోచించకుండా వాడిని ఈ పూటే ఏరియా ఆసుపత్రికి పంపించు. మాస్కు పెట్టించి, ఆటోలో కాకుండా 108లో. డాక్టరు అడక్కపోయినా "చచ్చిన కోళ్లు ముట్టుకున్నాడు" అని మొదటి మాటగా చెప్పాలి. అది చెప్పకపోతే మామూలు జ్వరం అనుకుని పంపేస్తారు.

నేను 2009లో, మళ్లీ 2015లో హైదరాబాద్‌లో స్వైన్ ఫ్లూ వార్డులో చేశాను. 2009 మే నెలలో దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ రోజుల్లో ఒక తల్లి వచ్చింది, ముప్పై ఏళ్లు కూడా లేవు. ఐదు రోజులు ఊళ్లో ఇంజెక్షన్లు చేయించుకుని, ఆరో రోజు గోళ్లు నీలంగా మారాక వచ్చింది. ఫ్లూకి ఒసెల్టమివిర్ అనే మాత్ర ఉంది, మొదటి రెండు రోజుల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆమెకి ఆరో రోజు మొదలుపెట్టాం. చీర కొంగున ముడి వేసుకున్న బస్సు టికెట్టు తీసి నా చేతిలో పెట్టి "తిరుగు బస్సు ఎన్నింటికమ్మా" అని అడిగింది. ఆ రాత్రికే వెంటిలేటర్ మీదకి వెళ్లింది, మళ్లీ మాట్లాడలేదు. నాలుగు రోజులు ముందు వస్తే బతికేదేమోనన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఆ కుర్రాడిని రేపటిదాకా ఉంచవద్దు.

వరిచేను_సుజాత
ఇప్పుడే వెళుతున్నాను అక్కా.

తెనాలి_శ్రీను
ఆ మాత్రలు మనం ముందే కొని ఇంట్లో పెట్టుకోవచ్చా? కోవిడ్‌లో రెమ్డెసివిర్ కోసం మా బావ పడిన పాట్లు చూశాక భయంగా ఉంది.

నర్స్_రమణమ్మ
వద్దు తమ్ముడూ. అందరూ కొని బీరువాల్లో దాచుకుంటే నిజంగా కావలసిన వాడికి దొరకదు. మీ బావకి జరిగింది అదే. ఇంట్లో ఉంచుకోవలసినవి వేరే. బీపీ, షుగరు మాత్రలు నెలకి సరిపడా, నాలుగు మంచి మాస్కులు, పల్స్ ఆక్సీమీటరు పనిచేస్తుందో లేదో చూసి కొత్త బ్యాటరీ. కోవిడ్‌లో కొన్నవి అందరి ఇళ్లలో డ్రాయర్లలో పడున్నాయి, తీసి చూసుకోండి. అరవై దాటినవాళ్లకి, గర్భిణులకి, ఆస్తమా ఉన్నవాళ్లకి ఏటా ఫ్లూ టీకా వేయించండి.

సైన్స్‌మాస్టారు_ఖమ్మం
టీకా మాటకి వస్తే, కోళ్లకే వేయొచ్చు కదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకి వేస్తోంది. ఫిన్లాండ్ 2024లో కోళ్ల దగ్గర, బొచ్చు జంతువుల దగ్గర పనిచేసే మనుషులకే వేసింది. మన దేశంలో హెచ్5ఎన్1కి కోళ్ల టీకా అనుమతించలేదు, కనిపెట్టి చంపడమే పద్ధతి.

గుడ్డుబండి_అనపర్తి
మా రైతుల్లో సగం మంది టీకా కావాలంటారు మాస్టారూ. నేనూ అదే అంటాను. పదివేల ప్రాణాల మెడలు విరిచి సున్నం గోతిలో వేయడం మీరు చూడలేదు. మా పక్క ఊళ్లో చూశాను. పీపీఈ కిట్లు వేసుకున్న కుర్రాళ్లు రాత్రంతా చేశారు. తెల్లారేసరికి షెడ్డులో చప్పుడు లేదు. కోళ్ల షెడ్డులో ఉండే రొద ఆగిపోతే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఆ రైతు వారం రోజులు ఆ ఖాళీ షెడ్డులోనే మంచం వేసుకుని పడుకున్నాడు.

పశువైద్యం_రిటైర్డ్
మీ బాధ నాకు తెలుసు, ఆ గోతులు నేనూ తవ్వించాను. కానీ టీకా వేసిన కోడి చావకుండా వైరస్‌ని లోపల మోయవచ్చు. చావులే మనకి గంట లాంటివి, ఆ గంట మోగకపోతే జబ్బు కనబడకుండా తిరుగుతుంది. నెలనెలా పరీక్షలు చేసే శక్తి ఉన్న దేశం టీకా వేసుకోవచ్చు. మనకి ఇంకా అన్ని ల్యాబులు లేవు. ఈ విషయంలో మీతో ఒప్పుకోలేను.

గుడ్డుబండి_అనపర్తి
అయితే ల్యాబులు పెంచమనండి. ఉత్తరాదికి శాంపిల్ పంపి రోజుల తరబడి ఎదురుచూడటం ఎన్నాళ్లు?

పశువైద్యం_రిటైర్డ్
అది మాత్రం నూరుసార్లు నిజం.

వరిచేను_సుజాత
అందరికీ చెబుతున్నాను. మొన్న సాయంత్రం కుర్రాడిని 108లో పంపించాం. బాబాయి ముందు ఒప్పుకోలేదు. నేను అనపర్తి అన్నయ్య చెప్పిన పరిహారం లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిన్ని లోపల్నుంచి వచ్చి "ఆ పిల్లాడి తల్లికి రేపు ఏం చెబుతారు" అంది. ఆయనే ఫోన్ తీసి 1962కి కొట్టారు.

నిన్న పొద్దున డాక్టర్లు వచ్చారు. చచ్చినవి నాలుగు, బతికున్నవాటి గొంతులోంచి, వెనక నుంచి పుల్లలతో శాంపిళ్లు తీసి థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి తీసుకెళ్లారు. కాలువ గట్టు మీద సంచులు వెతికి పూడ్చారు, ఊళ్లో చాటింపు వేశారు. పక్క షెడ్డు వాళ్లు బాబాయితో మాట్లాడటం మానేశారు, అది తప్పలేదు. రిపోర్టు ఇంకా రాలేదు.

కుర్రాడికి ముక్కులో శాంపిల్ తీసి, రిపోర్టు కోసం ఆగకుండా ఆ మాత్రలే మొదలుపెట్టారు. ఇవాళ ఫలితం వచ్చింది. బర్డ్ ఫ్లూ కాదట, మామూలు ఫ్లూ. జ్వరం తగ్గింది, ఇడ్లీ తిన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

పల్నాడు_పిల్ల
దేవుడున్నాడు.

అత్తిలి_కోడలు
హమ్మయ్య. రాత్రి నుంచి ఇక్కడే చూస్తున్నాను ఏమైందోనని.

నర్స్_రమణమ్మ
చాలా సంతోషం సుజాతా. అయినా ఒక మాట అర్థం చేసుకో. వాడి ఒంట్లో మామూలు ఫ్లూ ఉంది, చేతుల్లో చచ్చిన కోళ్లున్నాయి. కోళ్ల వైరస్ కూడా అదే సమయంలో వాడికి అంటి ఉంటే రెండూ ఒకే ఒంట్లో కలిసేవి. మామూలు ఫ్లూకి మనిషి నుంచి మనిషికి పాకడం వచ్చు, దీనికి ప్రాణం తీయడం వచ్చు.

సైన్స్‌మాస్టారు_ఖమ్మం
1957లో, 1968లో ప్రపంచాన్ని చుట్టేసిన ఫ్లూలు అలా పుట్టినవే. పక్షుల ఫ్లూ జన్యువులు కొన్ని మనిషి ఫ్లూలో కలిశాయి. 2009ది పందుల్లో కలిసింది. ఆ కలయిక ఎక్కడ జరుగుతుందో ఎవరూ చెప్పలేరు, కోళ్ల షెడ్డు పక్క గదిలో కూడా జరగవచ్చు. అందుకే షెడ్డు పనివాళ్లకి మామూలు ఫ్లూ టీకా వేయించమంటారు. అది బర్డ్ ఫ్లూని ఆపదు, కలిసే అవకాశాన్ని తగ్గిస్తుంది.

గుడ్డుబండి_అనపర్తి
ఇరవై రెండేళ్లలో కోళ్లకి వేయించిన టీకాలు లెక్కలేనన్ని. నా దగ్గర పనిచేసే తొమ్మిది మందికి ఒక్కటీ వేయించలేదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. సోమవారం తీసుకెళతాను.

భీమవరం_రాజు
మా దగ్గర పుంజుల్ని చూసే ఇద్దరు కుర్రాళ్లకి కూడా వేయిస్తాను. ఏ డాక్టరు దగ్గర దొరుకుతుంది?

నర్స్_రమణమ్మ
పెద్ద మందుల షాపుల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో దొరుకుతుంది, ఫ్లూ టీకా అని అడగండి. ఈ ఏడాదిదేనా అని పెట్టె మీద చూసుకోండి, ఏటేటా మారుతుంది. సుజాతా, షెడ్డులోకి వెళ్లిన వాళ్లందరినీ, మీ బాబాయితో సహా, పది రోజులు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు ఉందేమో రోజూ చూడండి.

వరిచేను_సుజాత
అలాగే అక్కా. పిన్ని గోడ మీద క్యాలెండర్‌లో రోజూ అందరి పేర్లూ రాసి టిక్కు పెడుతోంది. బాబాయి కూడా అడుగుతున్నారు, మా ఆరుగురికి టీకా ఎక్కడ వేస్తారని.

అమ్మ కోళ్లలో రెండు నిన్న పోయాయి. డాక్టర్లు వాటినీ తీసుకెళ్లారు. మిగిలిన తొమ్మిదింటినీ గంపల కింద మూసి పెట్టాం. పాప రోజంతా కిటికీ దగ్గర నిలబడి వాటినే చూస్తోంది. భోపాల్ నుంచి ఏ సంగతీ తెలియగానే ఇక్కడే రాస్తాను.